బట్ట వెనకవైపు

పోయిన వారం దేర్‌ను మనం వియ్యాలవారి ఊళ్లో, సభ ఇంటి ముందు, వీపు మీది బుట్ట దించుతుండగా వదిలాం. బుట్టలో కూతురు ప్లేంగ్ పెళ్లిబట్ట ఉంది. కొండవతలి ఊరి ముసలమ్మ ఎవరో నేసిందని అప్పటికే ముగ్గురికి చెప్పాడు. అబద్ధం. అందులో సగం అతని భార్య నియాంగ్ నేసింది. ఆమె పోయి రెండు వానాకాలాలైంది. మగ్గం మీద సగంలో ఆగిన బట్టను నేసిన మనిషితోపాటే శవపెట్టెలో పెట్టి పంపాలి. పెట్టానని అందరికీ చెప్పి, పెట్టకుండా దాచుకున్నాడు. మిగతా సగం పోడుచేను గుడిసెలో తలుపు బిగించుకుని తనే నేయడానికి కూర్చున్నాడు. ఆ కొండల్లో మగవాడు బుట్ట అల్లుతాడు, శవపేటిక చెక్కుతాడు. మగ్గం ముట్టడు.

ఆ బట్ట ఇప్పుడు అందరి ముందూ చాప మీద పరిచి ఉంది.

పొద్దు కొండ దాటి బారెడు పైకి వచ్చింది. వెదురుబొంగుల్లో అన్నం ఉడుకుతోంది. పెళ్లికొడుకు తండ్రి హోయి జాడీలో కల్లు తెచ్చి దేర్ ముందు పెట్టాడు. మగపెళ్లివారు ఇవ్వాల్సిన గంటలూ జాడీలూ మెట్ల పక్కన వరసగా ఉన్నాయి. ఎనుము అవతల కట్టేసి ఉంది. వాళ్ల తరఫున తక్కువేమీ లేదు. ఇక ఆడపెళ్లివారి బట్ట నచ్చడమే మిగిలింది. నచ్చితే పెళ్లికొడుకు తల్లి దాన్ని పిల్ల భుజాన కప్పి, చేయి పట్టి తన ఇంటి నిచ్చెన ఎక్కిస్తుంది. పెళ్లంటే అంతే.

పెళ్లికొడుకు తల్లి త్రూయి బట్ట అంచు పట్టుకుని నవ్వింది. "బరువుంది. పూసలకు పిసినారితనం చేయలేదు అన్నయ్యగారు. మా వాడి ముక్కు చూస్తే ఇంత బరువు బట్ట కప్పుకున్న పిల్ల వస్తుందని ఎవరనుకుంటారు?"

"ముక్కు నాది కాదు, నీది," అన్నాడు హోయి. ఆడవాళ్లు నవ్వారు. దేర్ కూడా నవ్వాడు. గొంతులో కల్లు అడ్డం పడింది.

నల్లటి నేల మీద ఎర్ర పట్టీలు. వాటి నడుమ తెల్లపూసలతో చేతులు పైకెత్తి ఆడుతున్న ఆడవాళ్ల వరసలు. బారెడు దూరం నుంచి చూస్తే తప్పు కనబడదు. దేర్ చాపకు బారెడు దూరంలో కూర్చుని చూస్తూ, ఎవరూ దగ్గరకు వంగకూడదని కోరుకున్నాడు. వంగుతారని తెలుసు. వంగడానికే పరిచారు.

"జూంగ్ అక్కా, రావే. నీ చేయి పడకుండా ఈ ఊళ్లో ఏ బట్ట భుజానికెక్కింది?" అని పిలిచింది త్రూయి.

జూంగ్ నియాంగ్‌కు అక్క. ఈ ఊరి కోడలు. నేతలో ఆమెను మించినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. చెల్లెలిని పూడ్చిన రోజు నుంచి ఆమె దేర్‌తో మాట్లాడలేదు. ఆ రోజు వాగు పొంగి ఆమె వచ్చేసరికి పెట్టె మూత వేసేశారు. ఆమె అరిచిన అరుపుకు దేర్ కూడా అరిచాడు. తర్వాత ఎవరి ఊళ్లో వాళ్లు.

ఆమె లేచి వచ్చి చాప పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. అతని వైపు చూడలేదు. బట్ట ఒక కొస నుంచి బొటనవేలి గోటితో పూసలను నెట్టుకుంటూ వెళ్లింది. ఒక్కటీ కదల్లేదు. కదలవు. పూసలను ముందే అడ్డంగా వేసే పేక పోగుకు గుచ్చుకుని, నిలువు పోగుల పడుగు విప్పినప్పుడల్లా లెక్కపెట్టి ఒక్కొక్కటీ దాని సందులోకి దించుతారు. బట్ట పెరిగేకొద్దీ పూస అందులోనే పుడుతుంది. నేశాక పెట్టడమంటూ ఉండదు.

సగం దాటింది. గోటి కింద పూస పక్కకు ఒరిగింది.

ఆమె ఇంకోటి నెట్టింది. అదీ ఒరిగింది. బట్ట అంచు పట్టి తిరగేసింది. వెనకవైపు దారాలు ఒక పూస నుంచి ఇంకో పూసకు వంకరటింకరగా పాకి ఉన్నాయి.

"సూది," అంది.

ఆడవాళ్లు వంగారు. ఒకామె దారాన్ని వేలితో ఎత్తి చూసింది. "అయ్యో, చొక్కాకు గుండీ కుట్టినట్టు కుట్టిందేమిటే!"

"గుండీ అయినా ఇంతకంటే గట్టిగా కుడతారు. ఇది వల బాగుచేసే సూది. చేపలోళ్ల పని," అంది ఇంకొకామె.

నవ్వులు లేచాయి. దేర్ కూడా వాళ్లతోపాటు నవ్వాడు. ఆ నవ్వు తనకే వినబడింది. కూతురు తలెత్తి తననే చూస్తోందని కూడా తెలిసింది. నవ్వు ఆపడం కుదరక ఇంకాసేపు నవ్వాడు.

జూంగ్ నవ్వలేదు. "ఎవరు నేశారు మరిదీ?"

రెండు వానాకాలాల తర్వాత ఆమె నోట వచ్చిన మొదటి మాట అది.

"కొండవతలి ముసలమ్మ, వదినా."

"పేరు?"

"అడగలేదు."

"బుట్ట కొన్నా అల్లినవాడి పేరడుగుతారు. పిల్ల పెళ్లిబట్టకు పేరడగలేదా?"

"ముసలిది. చెవుడు. కళ్లు కూడా సరిగా ఆనవు. అందుకే పూసలు..."

"కళ్లానని మనిషి సూదిలో దారం ఎట్లా ఎక్కించింది?"

ఈసారి మగవాళ్లు కూడా నవ్వారు. హోయి మాత్రం కల్లు జాడీ వైపు చూస్తూ, "పోనీలే జూంగ్. తల్లి లేని పిల్ల. ఎక్కడో తెచ్చి పెట్టాడు. పూసలు గట్టిగా కుట్టించుకుందాం," అన్నాడు.

అక్కడ ఆగి ఉంటే దేర్ బతికిపోయేవాడు. పనికిమాలిన బట్ట తెచ్చిన మామగా పేరు పడేది. ఏడాదిపాటు కల్లు దగ్గర ఎగతాళి చేసి మర్చిపోయేవాళ్లు. అతను ఆ ఎగతాళినే కోరుకున్నాడు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, తల వంచుకుని, దానికి సిద్ధపడ్డాడు.

జూంగ్ బట్టను మళ్లీ మొదటి సగం వైపు లాక్కుంది. వరస మొదట్లో, కుడి అంచున, ఒక ఎర్రపూస ఉంది. తర్వాతి వరసలోనూ ఉంది. ప్రతి వరసలోనూ ఉంది. సూది మొదలైన చోటి నుంచి లేదు.

"ఇది చూడండే," అంది ఎవరి వైపూ చూడకుండా. "మా అమ్మ మా ఇద్దరినీ ఒకే మగ్గం దగ్గర కూర్చోబెట్టి నేర్పింది. ఎవరి బట్ట ఏదో కలిసిపోతుందని గుర్తు పెట్టింది. నేను ఎర్రపూస ఎడమన పెడతాను. నా చెల్లెలు కుడిన పెట్టేది."

దేర్ ఆ ఎర్రపూసలను ఎన్నోసార్లు చూశాడు. తెల్లవాటిలో పొరపాటున కలిసిన పూస అనుకున్నాడు. నియాంగ్‌కు ధ్యాస ఉండదని, అన్నం మాడ్చినట్టే పూసలూ కలగలిపిందని గుడిసెలో కూర్చుని విసుక్కున్నాడు కూడా. తన సగంలో జాగ్రత్తగా అన్నీ తెల్లవే కుట్టాడు. ఆమె పక్కన ఇరవై రెండేళ్లు బతికాడు. ఆమె పనికి గుర్తు ఉందని తెలియదు.

"ఆ రోజు నిన్ను మూడు అడిగాను," అంది జూంగ్. "తల దువ్వారా అన్నాను. దువ్వామన్నావు. నోట్లో అన్నం పెట్టారా అన్నాను. పెట్టామన్నావు. మగ్గం మీది బట్ట పెట్టావా అన్నాను."

వెదురుబొంగు ఒకటి మంటలో టప్పున పగిలింది. దాన్ని తీయడానికి కూడా ఎవరూ లేవలేదు.

"పెట్టానన్నావు. నేను చూడలేదు మరిదీ. మూత వేయకముందు చూసినవాళ్లు చెప్పారు, ఆమె చేతుల్లో చుట్ట ఉందని. దుప్పట్లో చుట్టిన చుట్ట. ఇంత లావు." రెండు చేతులతో చూపించింది. "బట్ట ఇక్కడుంది. ఆ చుట్టలో ఏం పెట్టావు?"

దేర్‌కు మూడు అబద్ధాలు తోచాయి. మూడూ చెప్పదగినవే. నోరు తెరిచేసరికి ఒక్కటీ లేదు.

"గోచీ," అన్నాడు.

"ఏంటి?"

"నా పాత గోచీ. చుట్ట లావుగా కనబడాలని."

నవ్వుతారేమో అనుకున్నాడు. నవ్వితే బాగుండుననిపించింది. ఒక్కరూ నవ్వలేదు. త్రూయి బట్ట మీది నుంచి చేయి తీసి ఒళ్లో తుడుచుకుంది. ముసలివాడొకడు లేచి, కల్లు గిన్నె కింద పెట్టి, మెట్లు ఎక్కి లోపలికి వెళ్లిపోయాడు. ఇంకొకడు కూడా లేచాడు.

జూంగ్ ఒక్కసారి కళ్లు మూసుకుంది. "రెండేళ్లుగా నా చెల్లెలు అక్కడ నీ మురికి గోచీ పట్టుకుని కూర్చుంది," అంది.

కూతురి కోసమే చేశానని అతను తనకు తాను చెప్పుకునేవాడు. నిజమే, కానీ అది పూర్తి నిజం కాదు. తల్లి లేని పిల్లకు బట్ట నేసిపెట్టగల మనిషి ఈ ఊళ్లోనే ఉంది. వాగు దాటి వచ్చి, వదినా, నీ చెల్లెలి బిడ్డకు ఒక బట్ట కావాలి అంటే చాలు. ఆమె తిట్టేది. తిట్టి నేసేది. ఆ తిట్టు పడటానికి అతనికి మనసు రాలేదు. చచ్చిన మనిషి చేతిలోది లాక్కోవడం బతికున్న మనిషిని అడగడంకంటే సులువనిపించింది.

"మిగతాది ఎవరు చేశారు?" త్రూయి గొంతులో ఇందాకటి నవ్వు లేదు.

"నేనే."

"నువ్వా? మగ్గం మీదా?"

"నేనే. గుడిసెలో."

"ఛీ," అన్నారెవరో మగవాళ్లలోంచి. ఎవరన్నారో చూడలేదు. చూడటానికి తల ఎత్తాలి.

జూంగ్ చేయి మాత్రం ఆగలేదు. సూది కుట్లు దాటుకుంటూ బట్ట రెండో కొసకు వెళ్లింది. అక్కడ ఆగింది. గోటితో నెట్టింది. మళ్లీ నెట్టింది.

"ఇదెవరు చేశారు?"

చివర నాలుగు వేళ్ల వెడల్పున పూసలు కదలడం లేదు. తిరగేస్తే వెనక దారాలు లేవు. నేతలోనే పుట్టిన పూసలు. ప్రతి వరసలోనూ కుడి అంచున ఎర్రపూస ఉంది.

ఆ సంగతి దేర్ ఎవరితోనూ అనలేదు. నాలుగు వేళ్ల పని మిగిలుండగా ఉప్పుకు సంతకు వెళ్లాడు. మూడో రోజు తిరిగి వచ్చి గుడిసె తలుపు తీస్తే బట్ట పూర్తయి ఉంది. చాలాసేపు గుమ్మంలోనే నిలబడ్డాడు. భయపడ్డాడు. తర్వాత ఏడ్చాడు. నియాంగ్ వచ్చిందనుకున్నాడు. ఆమె వచ్చి, తన వంకర కుట్లు చూసి, బిడ్డ పెళ్లికి సరేలే అని మిగిలింది నేసి వెళ్లిందనుకున్నాడు. అంటే కోపం పోయిందనుకున్నాడు. ఆ నాలుగు వేళ్ల బట్టను పట్టుకునే ఈ నెల రోజులూ నిద్రపోయాడు, తిన్నాడు, వాగు దాటి ఈ ఊరికి నడిచి వచ్చాడు.

"ఆమే," అన్నాడు. మళ్లీ అన్నాడు. "నియాంగే వచ్చి నేసింది వదినా. నేను సంతలో ఉన్నాను. ఆమెకు ఇష్టమే. నువ్వే చూడు, ఎర్రపూస ఉంది. ఆమె కాకపోతే ఎవరు పెడతారు?"

జూంగ్ అతని మొహంలోకి చూసింది. రెండేళ్లలో మొదటిసారి. ఆ చూపులో కోపం కూడా లేదు.

"నేను నేశాను," అంది ప్లేంగ్.

పెళ్లిపిల్ల అప్పటిదాకా ఆడవాళ్ల వెనక నిలబడి ఉంది. ముందుకొచ్చింది. మెడలో పూసల పేర్లు కదిలి చప్పుడయ్యాయి.

"నువ్వు సంతకెళ్లిన రోజు విత్తనాల కోసం గుడిసెకు వెళ్లాను. తలుపు సందులోంచి మగ్గం కనబడింది. అది అమ్మ మగ్గమని తెలుసు. పెట్టెలో ఏం పోలేదో అప్పుడే తెలిసింది." తండ్రితో చెబుతోంది, కానీ బట్ట వైపు చూస్తోంది. "అమ్మ ఎర్రపూస కుడివైపు పెట్టమని నాకూ చెప్పింది. నీకు చెప్పలేదు. నువ్వెప్పుడూ అడగలేదు."

నియాంగ్ రాలేదు. కోపం పోలేదు. రెండేళ్లుగా ఎవరూ అతన్ని క్షమించలేదు. నెల రోజులపాటు అతనే తనను తాను క్షమించుకుని, దానికి చచ్చిన మనిషి పేరు పెట్టుకున్నాడు. అది ఇప్పుడు ఇంతమంది ముందు నోరారా చెప్పాడు కూడా.

త్రూయి లేచి నిలబడింది. "అంటే పిల్లకు కూడా తెలుసు."

"తెలుసత్తా."

"తెలిసి, చచ్చినామె పోగు అందుకుని నేశావు."

"నేశాను."

"మా ఇంటి నిచ్చెన ఎక్కేదానివి! రేపు నీ కడుపున ఒకటి పడితే ఆ పోగు కోసం ఆమె బిడ్డ మీదికి రాదా? మీ అమ్మే కావచ్చు. చచ్చాక అమ్మ, పిన్ని అంటూ ఉండవు." మొగుడి వైపు తిరిగింది. "ఏంటట్లా కూర్చున్నావు? నోరు లేదా?"

హోయి గంటల వైపు చూశాడు. ఎనుము వైపు చూశాడు. "జూంగ్, నువ్వు చెప్పు," అన్నాడు.

"బట్ట ఎవరిదో వాళ్లకు చేరాలి," అంది జూంగ్. "సమాధి తెరవాలి. ఇది ఆమె చేతిలో పెట్టి, అందులో ఉన్నది బయటకు తీయాలి. అప్పటిదాకా ఏ నిచ్చెనా ఎక్కడానికి లేదు. నేను పిల్లకు వేరే నేస్తాను. రెండు నెలలు పడుతుంది. ఆగుతారో మానుతారో మీ ఇష్టం."

"తవ్వేదెవరు?"

"మూసినవాడే."

అందరూ దేర్ వైపు తిరిగారు. అతను లేచాడు. ఊరు ఊరంతా చూస్తుండగా పార భుజాన వేసుకుని నడవాలి. తన గోచీ తన చేతులతో తీయాలి. దాన్ని ఎట్లా పట్టుకుని తిరిగి రావాలో ఆలోచన తెగలేదు. అయినా తవ్వుతాడు. ఇంకేమీ మిగలనప్పుడు అదే సులువు.

"తవ్వుతాను," అన్నాడు. "ఇవాళే తవ్వుతాను. బట్ట ఇవ్వు."

జూంగ్ బట్ట మడవబోయింది. ప్లేంగ్ వంగి ఆమె చేయి పట్టుకుంది.

"మడవకు పెద్దమ్మా. వెనకవైపు చూడు. అమ్మ వరసలు ఆగిన చోట."

"చూశానుగా. అక్కడి నుంచే సూది."

"సూది కాదు. పడుగు చూడు. వేలు పెట్టు."

జూంగ్ వేలు పెట్టింది. ఆమె మొహం మారడం దేర్ చూశాడు.

"ముడులు," అంది జూంగ్.

"ఎన్ని?"

జూంగ్ పైకే లెక్కపెట్టింది. పదకొండు. పక్కపక్కన, ఒకే గీత మీద.

"పోగు అరిగి తెగితే ఒకటి తెగుతుంది. రెండు తెగుతాయి," అంది ప్లేంగ్. గొంతు పైకి లేవలేదు. మగ్గం దగ్గర ఆడవాళ్లు పని గురించి మాట్లాడుకున్నట్టే మాట్లాడింది. "పదకొండు ఒక్కసారి తెగవు. కొసలు చూడు, పీచు లేవలేదు. కత్తి పడితేనే అట్లా ఉంటుంది. ముడి ఎవరిది పెద్దమ్మా?"

"నియాంగ్‌ది. ఈ ముడి ఇంకెవరూ వేయరు."

"కత్తి పడ్డాక కూర్చుని కట్టుకుందన్నమాట. కట్టుకుంటూ వచ్చింది. పదకొండు కట్టింది. దాని పక్కది చూడు."

జూంగ్ వేలు పదకొండో ముడి దాటి ఒక్క పోగు పక్కకు జరిగింది. అక్కడ పోగు తెగి ఉంది. ముడి లేదు. అక్కడి నుంచి దేర్ నేసిన సగం పొడుగునా ఆ ఒక్క పోగు చోటు ఖాళీగా, సన్నటి గీతలా సాగింది. ఇంతసేపూ అందరి కళ్ల ముందే ఉంది.

"పొద్దున జ్వరం వచ్చింది, సాయంత్రానికి పోయింది అన్నావు," అంది ప్లేంగ్. ఇప్పుడు తండ్రి కళ్లలోకే చూస్తోంది. "నేను ఆ రోజు చేలో ఉన్నాను. పొద్దున వెళ్లేటప్పటికి మగ్గం మీద ఒక్క పోగూ తెగలేదు. నువ్వు చెప్పిందే నమ్మాను. సమాధి తవ్వుదువుగాని. ముందు ఇది చెప్పు నాన్నా. పదకొండు కట్టిన మనిషి పన్నెండోది ఎందుకు కట్టలేదు?"